రుచి అనే గడి

మొన్న సోమవారం ఉదయం పది గంటలకు, నా అలవాటు ప్రకారం, ఉత్తరాలు చూసుకోవడానికి కంప్యూటరు ముందు కూర్చున్నాను. నాకు పరిచయం లేని పేరుతో టాంజానియా దేశం నుంచి ఒక మెయిల్ వచ్చి ఉంది. రాసిన యువకుడు అక్కడి దక్షిణ ప్రాంతంలోని ఒక చిన్న శిక్షణ కళాశాలలో విద్యార్థి. తమ అధ్యాపకురాలు మూడు వారాల క్రితం తరగతి ముగించి వరండాలోకి వస్తూ కుప్పకూలి మరణించారని మొదటి వాక్యంలోనే రాశాడు. ఆమె నా శిష్యురాలు. వయసులో నాకంటే ఇరవై ఆరేళ్ళు చిన్నది.

ఆ వాక్యం మనసుకు పట్టకముందే రెండో దెబ్బ తగిలింది. ఆమె జ్ఞాపకార్థం విద్యార్థులు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. ఏటా కొత్తవారి మొదటి తరగతిలో ఆమె తప్పకుండా చెప్పే కథ ఒకటి ఉందట. భారతదేశంలో నందిగామ అనే ఊళ్ళో పరిశోధన చేస్తున్న రోజుల్లో, తాను బుద్ధిలేక తన వేరు నమూనాను కారం మరలో పట్టించిందనీ, ఆ కారం కలవడం వల్ల అబద్ధపు ఫలితం వచ్చిందనీ, అది అచ్చుకు వెళ్ళబోతుండగా తన గురువు చిటికెడు పొడి నాలుక మీద వేసుకొని తప్పు పట్టుకున్నారనీ ఆ కథ. "ఆ గురువు మీరే కదా. ఆ సంఘటనను మీ మాటల్లో ఒక పేజీ రాసి పంపండి. మా పుస్తకం దానితోనే మొదలవుతుంది" అని అతడు కోరాడు.

నేను ఆ పొడిని ఏనాడూ నాలుక మీద వేసుకోలేదు. కారం మర సంగతి వినడం అదే మొదటిసారి.

మెయిల్‌ను మూడుసార్లు చదివాను. ఇంకొకరికి రావలసినది పొరపాటున నాకు వచ్చిందేమో అన్న అనుమానంతో నా పేరు అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. నాదే.

ఆమె పేరు ఇక్కడ రాయను. నేను పనిచేసిన కళాశాల శాఖ పుస్తకంలో ఆ పేరు కింద నా చేతిరాతలో ఉన్న ఒక వాక్యాన్ని నేనింకా కొట్టివేయించలేదు. ఆ పని జరిగేవరకు ఆ పేరును నా వ్యాసానికి వాడుకునే అర్హత నాకు లేదు. ఆమె పరిశోధించిన మొక్క పేరూ చెప్పను. చదివినవారిలో ఒకరైనా దాన్ని తెప్పించుకొని కాచి తాగుతారని నా అనుభవం.

నా ఉద్యోగ జీవితంలోని చివరి సంవత్సరాలు నందిగామ దగ్గర, హైవేకు కాస్త లోపలగా ఉన్న ఒక ఫార్మసీ కళాశాలలో గడిచాయి. మొక్కల మందుల శాస్త్రం నా విషయం. శాఖాధిపతిని నేనే. ప్రతి సీసాకు చీటీ ఉండాలి, ప్రతి చీటీ మీద తేదీ ఉండాలి, ఆ తేదీ కింద సంతకం ఉండాలి అన్నది నా నియమం. శాఖ దినచర్య పుస్తకాన్ని తెలుగులోనే రాసేవాణ్ణి. దిద్దుబాట్లు మాత్రం ఎర్ర సిరాతో.

ఆమె వచ్చిన రోజు బాగా గుర్తుంది. పొడవైన మనిషి. జుట్టును పాయలుగా, తలకు అంటుకొనేటట్లు అల్లుకొని, ఆ అల్లికలో ఒక పెన్సిలు గుచ్చుకొని ఉంది. తన దేశంలో అధ్యాపకురాలిగా ఉండి, చదువు సెలవు మీద డాక్టరేటు కోసం వచ్చింది. ప్రయోగశాల గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆమ్లాలు ఒలికే చోట చెప్పులు లేకుండా తిరగరాదని నేను అభ్యంతరం చెప్పాను. వెనక్కి వెళ్ళి తొడుక్కొని వచ్చింది. మర్నాడు మళ్ళీ విడిచింది. ఆ మూడేళ్ళలో నేను ఆమె చేత చెప్పులు తొడిగించగలిగిన రోజులు లెక్కపెట్టవచ్చు.

ఆమె చేతి సంచిలో గుడ్డలో చుట్టిన వేరు పట్ట ఉంది. వాళ్ళ అమ్మమ్మ నొప్పులకు ఇచ్చే మందు అది. కీళ్ళవాపుతో మంచం పట్టినవాళ్ళు ఆ వేరు కషాయం తాగి నాలుగో రోజున నడిచి ఇంటికి వెళ్ళడం తాను చిన్నప్పుడు చూశానంది. "అమ్మమ్మకు చదువు లేదు. ఆ పని ఎలా జరుగుతుందో ఆమెకు తెలియదు. ఎలా జరుగుతుందో నేను తెలుసుకుంటే, మా ఊళ్ళో ఆ వేళ్ళ కోసం ఒక చిన్న ప్రయోగశాల పెడతాను" అంది. ఆమె జీవితంలో కోరుకున్నది అదొక్కటే. ఇంకేమైనా కోరుకుందేమో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఆమెకు దేన్నైనా నోట్లో వేసుకొని చూసే అలవాటు ఉండేది. కొత్త మొక్క కనబడితే ముందు ఆకు తుంచి ముందరి పళ్ళ మధ్య పెట్టేది. తూచవలసిన పొడిని ముందు అరచేతిలో పోసుకొని, "పన్నెండు గ్రాములుంటుంది" అని, తరువాత తక్కెడలో పెట్టేది. పన్నెండు, లేదా పన్నెండున్నర ఉండేది. హైవే పక్కన వేప పుల్ల, కళాశాల ఆవరణలోని తంగేడు పువ్వు, చివరకు మా పరీక్షల గదిలో కొత్తగా వేసిన బల్ల చెక్క పెచ్చు కూడా ఆమె నోటిని తప్పించుకోలేదు.

ప్రయోగశాల గోడ మీద నేనే రాయించిన బోర్డు ఒకటి ఉండేది: 'ఇచ్చట ఏ పదార్థమును నోట ఉంచరాదు.' ఒకరోజు ఆమె బోర్డు ముందు నిలబడి, ఒక చేతిలో నా పాఠ్యపుస్తకం పట్టుకొని నన్ను పిలిచింది.

"సారూ, పుస్తకంలో మొదటి పాఠం ఏంటండి? రంగు, వాసన, రుచి. మూడూ చూడమన్నారు. గోడ మీదేమో నోట్లో పెట్టొద్దన్నారు. దేని మాట వినమంటారండి?"

"గోడ మాట" అన్నాను.

"అట్టాగేనండి" అంటూ దవడలో ఉన్నది ఇటు నుంచి అటు మార్చుకుంది.

ఆ తెలుగు ఆమెకు కరుణమ్మ నేర్పింది. కరుణమ్మ మా శాఖలో అటెండరు. ఆ పేరు నేను మార్చి రాస్తున్నాను. భర్త ఆ మధ్యే పోయిన మనిషి. నందిగామలో ఆమె ఇంటి వెనుక గదిలో ఈమె అద్దెకు దిగింది. ఆదివారం ఇద్దరూ కలిసి చర్చికి వెళ్ళేవారు. మొదటి ఆరు నెలల్లోనే ఈమెకు తెలుగు మాట్లాడటం వచ్చింది. అయితే అది పొలం పనులకు వెళ్ళే ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగు. విశ్వవిద్యాలయం నుంచి పరీక్షాధికారి వచ్చినప్పుడు, "కూసోండి సారూ, మొగం కడుక్కుంటారా?" అని ఆమె అడిగిన నాడు నేను సిగ్గుపడ్డాను. ఆయన మాత్రం చాలా సంతోషించాడు.

ఒకసారి మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్ళిద్దరి సంభాషణ నా గదిలోకి వినిపించింది.

"మీ అమ్మమ్మను ఏమని పిలుస్తావే?" కరుణమ్మ అడిగింది.

"బీబీ అని."

"బీబీ ఏందే! సాయిబుల ఇళ్ళల్లో కదా ఆ పిలుపు?"

"మా దగ్గర అమ్మమ్మలందరూ బీబీలే. నువ్వూ మనవరాలు పుడితే బీబీవి."

"నాకు మాత్రం అట్టాంటి పేరు పెట్టమాక. ఇదిగో, గోంగూర ఇంకొంచెం వేసుకో. ఒక కన్ను మూసుకుని తింటావేం, రెండూ మూసుకో, ఇంకా బాగుంటది."

ఇద్దరూ నవ్వుకున్నారు. భోజనం వేళ ముగిసి నాలుగు నిమిషాలైందని నేను గది లోపలి నుంచే హెచ్చరించాను.

ఆ వేరును గుర్తుపట్టే పద్ధతి కూడా అమ్మమ్మే ఆమెకు నేర్పింది. చిన్న ముక్క నమలాలి. మొదట ఏ రుచీ ఉండదు. కళ్ళు మూసుకొని వంద లెక్కపెట్టాలి. అప్పుడు గొంతు లోపలి నుంచి చేదు పైకి వస్తుంది. ముందే చేదు తెలిస్తే అది వేరే మొక్క. వందకు రాకపోతే వేరు పాతబడింది. ఆమె నా ఎదుట నమిలి, కళ్ళు మూసుకొని, తన భాషలో లెక్కపెట్టి, తొంభై దాటాక ముఖం చిట్లించి తల ఊపింది. నేను నమూనా చీటీలో 'రుచి' అనే గడిలో 'చేదు' అని రాసి సంతకం చేశాను. నేను నమలలేదు. ఆమె నమిలింది కదా అనుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. అది మార్చి నెల. మా ప్రయోగశాలలో వేళ్ళు పొడి చేసే యంత్రం మోటారు కాలిపోయింది. బాగుచేసే మనిషి విజయవాడ నుంచి రావడానికి వారం పడుతుందన్నాడు. ఎండిన వేరు పట్ట సిద్ధంగా ఉంది. మంగళవారం నుంచి ఎలుకల మీద పరీక్షలు మొదలుపెట్టాలని నేను పట్టిక వేసి ఉన్నాను. ఆమె వీసా కాగితాల పనిమీద శుక్రవారమే విజయవాడ వెళ్ళి ఉంది. ఆ సాయంత్రం కరుణమ్మను పిలిచి, "సోమవారం పది గంటలకు పొడి నా బల్ల మీద ఉండాలి. ఎలా చేస్తావన్నది నాకు అనవసరం" అన్నాను. ఈ వాక్యాన్ని నేను యథాతథంగా రాస్తున్నాను. నా మాటలు నాకు బాగా గుర్తుంటాయి.

సోమవారం పది గంటలకు పొడి నా బల్ల మీద ఉంది. చీటీ అంటించాను.

ఫలితం చూసి నేను నివ్వెరపోయాను. వేడి పలక మీద ఉంచిన ఎలుక ఎంతసేపటికి కాలు ఎత్తి నాక్కుంటుందో గడియారంతో చూడటం ఆ పరీక్ష. ఆ వేరు సారం పుచ్చుకున్న ఎలుకలు, మందుల కంపెనీ నొప్పి మాత్ర పుచ్చుకున్నవాటికి సమానంగా ఓర్చుకున్నాయి. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ అదే ఫలితం. నా ఉద్యోగ జీవితంలో అంతటి ఫలితం నా బల్ల మీదికి ఎన్నడూ రాలేదు. ఆ రోజు ఆమెను కూర్చోమని నేనే కుర్చీ జరిపాను. ఆమె ఎప్పుడూ నిలబడే పని చేసేది, ఆ రోజూ కూర్చోలేదు. ఆ వారంలోనే ఒక పెద్ద సదస్సుకు మా ఇద్దరి పేర్లతో వ్యాస సంగ్రహం పంపించాను.

పది రోజుల తరువాత ఆమె నమూనా చీటీ పట్టుకొని నా గదికి వచ్చింది. 'రుచి' అనే గడిలో నేను రాసిన 'చేదు' పక్కన పెన్సిలుతో 'కారం' అని రాసి ఉంది.

"ఇది ఏమిటి?" అన్నాను.

"ఈ పొడి కారంగా ఉందండి సారూ. వేసుకోగానే మండుతుంది. మా అమ్మమ్మ వేరు కారం ఉండదండి."

"ఒకే నమూనాకు రెండు రుచులు ఉండవు. నీ ఎదుటే చేదు అని నమోదు చేశాము."

"అందుకే కదండీ వచ్చా. మీరొకసారి చూడండి." చిన్న కాగితం పొట్లం నా బల్ల మీద పెట్టింది.

"మధ్యాహ్నం నువ్వు కరుణమ్మ గోంగూర తిని వచ్చి, ఆ నాలుకతో శాస్త్రాన్ని కొలుస్తావా? ఎలుకల ఫలితం కళ్ళెదుట ఉంది. నాలుక సాక్ష్యం కాదు."

ఆమె పొట్లాన్ని నా వైపు ఇంకొంచెం జరిపింది. "మీ పుస్తకంలో మొదటి పాఠం అదే కదండీ" అంది. నేను ఎర్ర సిరాతో 'కారం' అన్న మాటను అడ్డంగా కొట్టివేసి, కింద సంతకం చేసి, చీటీ తిరిగి ఇచ్చాను. పొట్లాన్ని విప్పకుండానే చెత్తబుట్టలో వేశాను.

ఆ తరువాత ఆమె నన్ను సంప్రదించకుండా తమ్ముడికి రాసి, కొత్తగా వేరు పట్ట తెప్పించుకుంది. కరుణమ్మ ఇంటి పెరట్లో రోట్లో వేసి, రెండు రోజులు తానే దంచుకుంది. చేతులు బొబ్బలెక్కి వచ్చింది. కొత్త పొడితో ఎలుకల మీద పరీక్ష చేసి కాగితం నా ముందు పెట్టింది. వాపు కొంత తగ్గించే గుణం మాత్రమే కనబడింది. మునుపటి అద్భుతం లేదు.

"మొదటి దఫా ఫలితాలు థీసిస్‌లో పెట్టనండి. సదస్సుకు పంపింది కూడా వెనక్కి తీసుకోండి సారూ" అంది.

నేను కాగితాన్ని ఆమె వైపే తోసేశాను. ఆ సంగ్రహం గురించి అప్పటికే నలుగురికి చెప్పుకొని ఉన్నాను. "మొదటి నమూనా చెడిపోయిందంటావు. ఎవరి వల్ల చెడింది? ఎప్పుడు? ఎలా? నాకు పేరు కావాలి."

ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. తలుపు అవతల కరుణమ్మ గాజు సీసాలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఆ చూపును అప్పుడు నేను లెక్కలోకి తీసుకోలేదు.

"నమూనా నాదండి. నా వల్లే" అంది.

శాఖ పుస్తకంలో ఆమె పేరు కింద రాశాను: 'నమూనాల నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం కనబరచినది.' ఆమె బల్లకు అవతల నిలబడి, తలకిందులుగా ఉన్న నా అక్షరాలను కూడబలుక్కొని చదివింది.

"కనబరచినది అంటే ఏంటండి?"

"చూపించింది అని."

"ఓహో. ఈ మాట కరుణక్క చెప్పలా" అంటూ అల్లికలోంచి పెన్సిలు తీసి, అరచేతి మీద ఆ మాట రాసుకుంది.

సదస్సు నుంచి సంగ్రహాన్ని వెనక్కి తీసుకొని, అదే వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టి విశ్వవిద్యాలయానికి పంపాను. ఆమె అడిగిన ఆరు నెలల గడువు పొడిగింపు రాలేదు. తొమ్మిది నెలల పనిని మూడు నెలల్లో ముగించి, సాధారణమైన థీసిస్ ఒకటి సమర్పించి పట్టా తీసుకుంది. మొక్కల మందుల మీద పనిచేసే, ఆమె దేశంలోనే ఉన్న ఒక పెద్ద ప్రయోగశాల నా అభిప్రాయం కోరినప్పుడు, ఉన్నది ఉన్నట్లు చెప్పడం నా ధర్మమని భావించి, ఆ వాక్యాన్నే మళ్ళీ రాశాను. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. చిన్న పట్టణంలో పాఠాలు చెప్పుకుంది. వరండాలో రోలు పెట్టుకొని పిల్లల చేత వేళ్ళు దంచించేదని ఆ యువకుడి మెయిల్‌లో ఉంది. ఆమె కోరుకున్న ప్రయోగశాల చివరకు ఆ రోలే అయింది.

వెళ్ళిపోయే రోజు ఆమె నాకు చిన్న గాజు సీసా ఒకటి ఇచ్చింది. మూత చుట్టూ మైనం పోసి ఉంది. చీటీ మీద 'మొదటి దఫా' అని, తేదీ, రంగు, వాసన రాసి ఉన్నాయి. 'రుచి' అనే గడి ఖాళీగా ఉంది. దాని కింద 'పరీక్షించినవారు', 'సరిచూసినవారు' అన్న రెండు గడులూ ఖాళీయే.

"చీటీ అసంపూర్తిగా ఉంది" అన్నాను.

"అవునండి. మీకు తీరికైనప్పుడు పూర్తి చేయండి సారూ" అని నవ్వింది. ఆ నవ్వును నేను అవిధేయతగా జమకట్టాను. అయినా సీసాను పారవేయలేదు. బీరువాలో వరుస సంఖ్య వేసి పెట్టుకున్నాను.

మెయిల్ చదివిన మర్నాడు జగ్గయ్యపేట బస్సెక్కాను. కరుణమ్మ ఉద్యోగం మానేశాక అక్కడ కూతురి దగ్గర ఉంటోందని తెలుసు. దారి పొడవునా కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీలోంచి వచ్చిన ఘాటుకు పక్క సీటులోని ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళు ఈ దారిన తిరిగాను. ఆ వాసన ఏనాడూ నన్ను ఏమీ అడగలేదు.

కరుణమ్మ నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచింది. మరణవార్త చెప్పాను. చేతిలో గుడ్డ అలాగే పట్టుకొని నేల మీద కూలబడింది.

"మొన్న క్రిస్‌మస్‌కి వీడియోలో మాట్టాడింది సారూ. గోంగూర ఎండబెట్టి పంపమంది. పంపుదామని ఆకు కూడా ఎండబెట్టా..." ఆమె కూతురు మంచినీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, తల్లి పక్కన కూర్చుంది.

కాసేపటికి నేను ఫోనులో ఉన్న మెయిల్‌ను తెలుగులో చదివి వినిపించాను. కారం మర అన్న మాట దగ్గర కరుణమ్మ తల ఎత్తింది.

"ఆ పిల్లా పట్టించింది? కాదు సారూ. ఆ పిల్ల ఊళ్ళోనే లేదు గదా. నేనే పట్టించా."

నేను ఫోను కింద పెట్టాను.

"మీరు సోమారానికి పొడి కావాలన్నారు. రోట్లో దంచితే నా వల్ల కాలా. పిండి మర ఆయన, వేళ్ళు వేస్తే తర్వాతోళ్ళు పిండికి రారమ్మా అన్నాడు. కారం మరలో అయితే వేస్తానన్నాడు. అప్పుడు సీజను, పొద్దస్తమానం కారమే పడుతున్నారు. నేనేం అట్టా వేయించలేదు సారూ. ఇంటికాడ నుంచి నూకలు తీసుకెళ్ళి ముందు అయ్యి పోయించా. మొదట ఎర్రగా వచ్చినయ్. మళ్ళీ పోయించా. తెల్లగా వచ్చిందాకా పోయించా."

"అయినా కారం మిగిలింది" అన్నాను. మిరపలో మంట పుట్టించే పదార్థమే నొప్పిని మొద్దుబారుస్తుంది; ఆ ఎలుకలు ఓర్చుకున్నది దానివల్లే.

"మిగిలిందో లేదో చూశా గదా సారూ! ఆఖర్న వచ్చిన నూకలు తెచ్చి మా కోళ్ళకేశా. సుబ్బరంగా తినేసినయ్. ఒక్కటి ముక్కు విదిలించలా. కారం ఉంటే తింటయ్యా? లేదనుకునే వేరు పోయించా."

పక్షులకు మిరప కారం తెలియదు. ఆ మంటను గుర్తుపట్టే ఏర్పాటు వాటి నోటిలో లేదు. కిలో మిరపగింజలు వేసినా కోడి హాయిగా తింటుంది. ఈ సంగతి నేను ఏటా తరగతిలో చెప్పేవాణ్ణి. కరుణమ్మ ఆ తరగతి గది బయటే కూర్చుని ఉండేది. లోపలికి రమ్మని నేను ఏనాడూ అనలేదు.

"ఆమెకు ఎప్పుడు చెప్పావు?"

"అదే అడిగింది సారూ. పొడి నోట్లో వేసుకుని వచ్చి, అక్కా, ఏ మరలో పట్టించావు అంది. చెప్పి ఏడ్చా. మీరు నాకు ముందు అటెండరుగా చేసినాయన్ని గాజు కుప్పె పగలగొట్టాడని తీసేశారు గదా. మా ఆయన పోయి ఏడాది కూడా నిండలా అప్పటికి. ఆ పిల్ల ఏమందో తెలుసా? సారు మంచోడే అక్కా, నాలిక మీదొక్కటే నమ్మకం లేదు, నువ్వు నోరు మూసుకో, నేను చూసుకుంటా అంది." కరుణమ్మ ముఖం తుడుచుకొని నా వైపు సూటిగా చూసింది. "మరి మీరు ఒక్కసారి నోట్లో వేసుకుని చూడలేదా సారూ? పొట్లం మీ బల్ల మీద కూడా పెట్టానందే?"

ఇన్నేళ్ళలో విద్యార్థులు, పరీక్షకులు, విశ్వవిద్యాలయ అధికారులు నన్ను ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

లేచేటప్పుడు, ఈ సంగతి ఉన్నదున్నట్లు ఆ విద్యార్థులకు రాయబోతున్నానని చెప్పాను.

"రాయండి సారూ. ఇంక నన్ను తీసేసే ఉజ్జోగం ఎక్కడుంది?" అంది. గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "కోళ్ళ సంగతి మాత్రం రాయమాకండి. నవ్వుతారు" అంది.

ఈ ఒక్క విషయంలో ఆమె కోరికను మన్నించలేకపోయాను. ఆ పొడిని నా బల్ల మీదికి పంపేముందు ఒకసారి పరీక్షించాలన్న ఆలోచన వచ్చిన మనిషి మా శాఖలో ఆమె ఒక్కతే. పరీక్ష తప్పింది, ఆలోచన తప్పలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. సీసా తన వరుస సంఖ్య దగ్గరే ఉంది. మైనం గీసి మూత తీశాను. లేత గోధుమరంగు పొడి. ఇన్నేళ్ళకు వాసన దాదాపు పోయింది. పుస్తకాల అరలో నా పాఠ్యపుస్తకం ఉంది. రంగు, వాసన, రుచి. ఎన్ని వందలమందికి ఆ పాఠం చెప్పి ఉంటాను!

చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను.

వంద లెక్కపెట్టవలసిన అవసరం కలగలేదు. మూడో అంకె దగ్గరే మంట మొదలైంది. నాలుక చివర, ఆ తరువాత పెదవులు, ఆ తరువాత చెవుల దాకా. నా భార్య చూసి మజ్జిగ తెస్తానంది. వద్దన్నాను. గడియారం ఎదురుగా పెట్టుకొని కూర్చున్నాను, వేడి పలక మీద ఎలుకలకు పెట్టినట్లే. మంట పూర్తిగా తగ్గడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అది తగ్గాక, ఎక్కడో గొంతు అడుగు నుంచి, నెమ్మదిగా చేదు పైకి వచ్చింది. అమ్మమ్మ చెప్పిన చేదు. అంత కారం కిందా ఆ వేరు తన మాట తప్పలేదు.

ఆ రాత్రే విద్యార్థులకు ఒక పేజీ రాశాను. మీ అధ్యాపకురాలు మీకు ఏటా చెప్పిన కథలో ఇద్దరి స్థానాలు తారుమారై ఉన్నాయనీ, తప్పును నాలుకతో పట్టుకున్నది ఆమె అనీ, చూడనని మొండికేసినది నేననీ, ఆమె చేయని తప్పు కింద ఆమె పేరు పెట్టినది కూడా నేనేననీ రాశాను. ఆ పేజీతోనే పుస్తకం మొదలుపెట్టమన్నాను. కళాశాల ప్రస్తుత శాఖాధిపతికి వేరే ఉత్తరం రాసి, పాత పుస్తకంలో ఆ వాక్యాన్ని కొట్టివేసి, పక్కన కారణం నమోదు చేయడానికి అనుమతి కోరాను. జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.

చివరగా సీసా చీటీని ముందుకు జరుపుకున్నాను. ఎర్ర కలం పక్కన పెట్టి, నల్ల సిరాతో 'రుచి' అనే గడిలో రాశాను: 'మొదట కారం. తరువాత చేదు.' 'పరీక్షించినవారు' అన్నచోట ఆమె పూర్తి పేరు రాశాను. 'సరిచూసినవారు' అన్నచోట నా సంతకం చేసి, దాని కింద, నా నియమం ప్రకారం, ఆ రోజు తేదీ వేశాను.